ఊరి నీళ్లలో రేడియోధార్మికత, ఊళ్లో క్యాన్సర్: సంబంధం ఉందో లేదో ఎలా చూడాలి

ఒకే వీధిలో రెండేళ్లలో నలుగురికి క్యాన్సర్ వచ్చిందంటే అందరి చూపూ బోరు మీదికే పోతుంది. దగ్గర్లో యురేనియం గని కూడా ఉంటే ఇక చెప్పనక్కర్లేదు. కడప జిల్లా తుమ్మలపల్లె చుట్టుపక్కల ఊళ్లలో, నల్లగొండ జిల్లా లంబాపూర్, పెద్దగట్టు వైపు ఈ మాట ఏళ్ల తరబడి నడుస్తూనే ఉంది. అనుమానపడటం తప్పేమీ కాదు. కానీ అనుమానం మీద ధర్నా చేస్తే అధికారి ఒక్క మాటతో కొట్టిపారేస్తాడు: "ఆధారం ఏది?" ఆ ఆధారాన్ని ఊరివాళ్లు, టీచర్లు, ఆశా కార్యకర్తలు, స్థానిక విలేకరులు ఎంతవరకు కూడగట్టుకోగలరో చెప్పడానికే ఇది.

మొదలుపెట్టే ముందు ఒక నోట్‌బుక్ తీసుకుని రెండు ప్రశ్నలు రెండు పేజీల్లో వేరువేరుగా రాసుకోండి. ఒకటి: ఈ నీళ్లు తాగొచ్చా? రెండు: మా ఊళ్లో క్యాన్సర్లు ఈ నీళ్ల వల్లే వచ్చాయా? మొదటిదానికి కొన్ని వారాల్లో జవాబు దొరుకుతుంది. రెండోదానికి ఏళ్లు పట్టొచ్చు, అసలు దొరకకపోవచ్చు కూడా. ఊళ్లలో జరిగే పెద్ద పొరపాటు ఈ రెండింటినీ ముడిపెట్టడం. "క్యాన్సర్ అని తేలితేనే నీళ్లు మారుస్తాం" అని అధికారులు అంటారు, మనమూ ఆ ఉచ్చులో పడి క్యాన్సర్‌నే రుజువు చేయబోతాం. ఈలోపు పిల్లలు అవే నీళ్లు తాగుతుంటారు.

1. ముందు నీళ్లు పట్టించండి

ఆన్‌లైన్‌లో కొన్న రేడియేషన్ మీటర్ నీళ్ల బాటిల్ దగ్గర పెట్టి "ఏమీ చూపించట్లేదు, నీళ్లు మంచివే" అనేవాళ్లు తగులుతారు. వాళ్ల మాట నమ్మకండి. యురేనియం, రేడియం విడుదల చేసేది ఎక్కువగా ఆల్ఫా కణాలు. అవి నీళ్లలోనే ఆగిపోతాయి, సీసా గోడ దాటి బయటికి రావు. ఫోన్ యాప్‌ల సంగతి అసలు ఎత్తకపోవడమే మేలు. దీనికి ల్యాబ్ తప్ప దారి లేదు.

ల్యాబ్‌కు పంపేటప్పుడు ఏం అడగాలో స్పష్టంగా రాసివ్వండి. మొదటి విడతలో యురేనియం, మొత్తం ఆల్ఫా, మొత్తం బీటా (నీళ్లలోని అన్ని పదార్థాలూ కలిసి విడుదల చేసే ఆల్ఫా, బీటా రేడియేషన్). అదే నీటికి టీడీఎస్ (కరిగి ఉన్న మొత్తం లవణాలు), ఫ్లోరైడ్, నైట్రేట్, ఆర్సెనిక్, సోడియం, పొటాషియం, సల్ఫేట్, బైకార్బొనేట్ కూడా చేయించండి. ఇవి ఎందుకో తర్వాత తెలుస్తుంది. ఆల్ఫా ఎక్కువొచ్చిన బోర్లకు మాత్రం రెండో విడతలో రేడియం-226, రేడియం-228, పొలోనియం-210, సీసం-210 చేయించాలి. ఇవి ఖరీదైన పరీక్షలు, అన్ని బోర్లకూ అక్కర్లేదు.

గ్రామీణ నీటి సరఫరా విభాగం ల్యాబ్‌లు, ఊళ్లలో ఇచ్చే టెస్ట్ కిట్లు సాధారణంగా యురేనియం చూడవు. కాబట్టి "ప్రభుత్వం టెస్ట్ చేసింది, బాగున్నాయంది" అంటే ఏమేం టెస్ట్ చేశారో కాగితం చూపించమనండి. ప్రైవేటు ల్యాబ్‌కు ఎన్ఏబీఎల్ (ల్యాబ్‌ల నాణ్యతను చూసే జాతీయ మండలి) గుర్తింపు ఉంటే సరిపోదు. ఆ గుర్తింపు ఏయే పరీక్షలకు ఇచ్చారో జాబితా ఉంటుంది, అందులో యురేనియం ఉందో లేదో చూసుకోండి. ఎంత తక్కువ మోతాదు వరకు పట్టగలరో కూడా అడగండి. ఉప్పదనం బాగా ఎక్కువున్న నీళ్లలో మొత్తం ఆల్ఫా పరీక్ష సరిగా రాదు. నీళ్లు ఇగిరాక మిగిలిన ఉప్పు పొరే ఆల్ఫాను మింగేస్తుంది. అలాంటప్పుడు ఆ అంకె కంటే నేరుగా కొలిచిన యురేనియం, రేడియం అంకెలనే నమ్మండి.

ఏ బోర్ల నుంచి తీయాలి? రోగులున్న ఇళ్ల బోర్లు మాత్రమే తీస్తే మీ పరిశోధన అక్కడే చెడిపోయినట్టు. జబ్బు లేని వీధుల బోర్లు, బడి దగ్గర చేతిపంపు, ఊరి చివర పొలం బోరు, పక్క ఊరి బోరు కూడా కావాలి. వీలైతే మే నెలలో ఒకసారి, వానలు పడ్డాక ఒకసారి. నీటిమట్టంతో పాటు అంకెలు మారుతుంటాయి.

శాంపిల్ తీసే పద్ధతి ఇది. మోటరు వేసి ఐదు పది నిమిషాలు నీళ్లు వదిలేయండి, పైపులో నిలిచిన నీరు పోవాలి. ట్యాంకు నుంచి కాదు, ఫిల్టరు నుంచి కాదు, బోరు నోటి నుంచే పట్టాలి. కొత్త ప్లాస్టిక్ సీసాను అదే నీటితో మూడుసార్లు తొలిచి నింపండి. యురేనియం శాంపిల్‌ను సన్న ఫిల్టర్‌తో వడగట్టి నైట్రిక్ యాసిడ్ చుక్కలు వేయాలి, లేదంటే అది సీసా గోడకు అంటుకుపోయి అంకె తక్కువ వస్తుంది. ఆ యాసిడ్ పని మీరు చేయకండి. ల్యాబ్ వాళ్లనే సీసాలు సిద్ధం చేసి ఇవ్వమనండి, లేదా వాళ్ల మనిషినే రమ్మనండి. సీసా మీద బోరు యజమాని పేరు రాయొద్దు, నంబరు వేయండి. నంబరు ఎవరిదో నోట్‌బుక్‌లో ఉంటుంది. తేదీ, సమయం, బోరు లోతు, ఎన్నేళ్ల నాటిది, ఫోన్‌లో చూపించే లొకేషన్ అంకెలు కూడా అందులోనే రాయండి. ఒక బోరు నీళ్లను రెండు వేరు నంబర్లతో పంపండి, రెండు అంకెలూ దగ్గరగా వస్తే ల్యాబ్ మీద నమ్మకం కుదురుతుంది. ఒక సీసాలో డిస్టిల్డ్ వాటర్ నింపి పంపండి. అందులో కూడా యురేనియం వచ్చిందంటే మొత్తం రిపోర్టునే అనుమానించాలి.

సమయం సంగతి ఒకటుంది, దీన్ని చాలామంది పట్టించుకోరు. అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రంలోని టామ్స్ రివర్‌లో 1990లలో పిల్లల క్యాన్సర్ల మీద విచారణ జరిగింది. ఆ సందర్భంలో నీళ్లను తాజాగా పరీక్షిస్తే ఆల్ఫా ఎక్కువ కనిపించింది, అదే నీటిని కొన్ని వారాలు పక్కన పెట్టి చూస్తే తగ్గిపోయింది. కారణం రేడియం-224. దాని సగజీవితం, అంటే సగానికి తరిగిపోయే కాలం, మూడున్నర రోజులు మాత్రమే. తర్వాత ఆ రాష్ట్రం శాంపిల్ తీసిన 48 గంటల్లోపే ఆల్ఫా కొలవాలని నియమం పెట్టింది. అందుకే మీ రిపోర్టులో శాంపిల్ తీసిన తేదీతో పాటు కొలిచిన తేదీ కూడా ఉండేలా చూసుకోండి. రేడాన్ వాయువు కొలిపించాలనుకుంటే గాజు సీసాలో బుడగ లేకుండా, నీరు చిందకుండా నింపి ఒకటి రెండు రోజుల్లో ల్యాబ్‌కు చేర్చాలి. దానిది 3.8 రోజుల సగజీవితం, పైగా మూత తీస్తే ఎగిరిపోయే రకం.

2. రిపోర్టు చదవడం

ఇక్కడే జనం తికమక పడతారు. నిదానంగా చూద్దాం.

యురేనియానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు లీటరుకు 30 మైక్రోగ్రాములు. మన బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) తాగునీటి ప్రమాణం కూడా ఇప్పుడు అదే. అణుశక్తి నియంత్రణ మండలి మాత్రం 60 అంటుంది. మీ బోరు 45 ఉంటే ఒక ఆఫీసులో ఫెయిల్, ఇంకో ఆఫీసులో పాస్. ఈ తేడా ఎందుకంటే, 30 అనేది కిడ్నీ కోసం పెట్టిన అంకె, 60 రేడియేషన్ లెక్కతో పెట్టినది. యురేనియం రేడియోధార్మిక పదార్థమే అయినా, తాగినప్పుడు ముందుగా దెబ్బ తీసేది రసాయనంగా, అదీ కిడ్నీని. ఎవరైనా "60 లోపే కదా" అంటే, "కిడ్నీ మాటేమిటి?" అని అడగండి.

మొత్తం ఆల్ఫాకు మన ప్రమాణం లీటరుకు 0.1 బెకరెల్ (రేడియోధార్మికతను కొలిచే ప్రమాణం), బీటాకు 1. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆల్ఫాకు 0.5 దాకా ఒప్పుకుంటుంది. ఒక మైక్రోగ్రాము సహజ యురేనియం సుమారు 0.025 బెకరెల్ ఇస్తుంది. అంటే లీటరుకు 5 మైక్రోగ్రాములున్నా చాలు, 0.1 దాటేస్తుంది. కాబట్టి ఆల్ఫా దాటిందని పేపర్లో హెడ్డింగ్ పెట్టించకండి. అది "ఇంకా లోతుగా చూడండి" అని చెప్పే గుర్తు మాత్రమే. బీటా ఎక్కువొస్తే ముందు పొటాషియం అంకె చూడండి. పొటాషియంలో సహజంగానే రేడియోధార్మిక భాగం కొంత ఉంటుంది, అది తీసేశాక మిగిలిందే లెక్క.

ఇప్పుడు ఒక చిన్న లెక్క మీరే చేయండి. మీ బోరులో లీటరుకు 100 మైక్రోగ్రాముల యురేనియం ఉందనుకుందాం. అంటే 2.5 బెకరెల్. రోజుకు రెండు లీటర్లు తాగితే ఏడాదికి 730 లీటర్లు, 1,825 బెకరెల్. ఒక బెకరెల్ యురేనియం మింగితే వచ్చే మోతాదు సుమారు 0.000000047 సీవర్ట్ (ఒంటికి అందే రేడియేషన్ మోతాదును కొలిచే ప్రమాణం, అందులో వెయ్యో వంతు మిల్లీసీవర్ట్). గుణిస్తే ఏడాదికి 0.09 మిల్లీసీవర్ట్ దగ్గర వస్తుంది. తాగునీటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు ఏడాదికి 0.1 మిల్లీసీవర్ట్. నేల, ఆకాశం, తిండి, గాలి అన్నిటి నుంచీ ప్రపంచంలో సగటు మనిషికి ఏడాదికి అందేది 2.4 మిల్లీసీవర్ట్.

చూశారా? అదే నీరు కిడ్నీ హద్దుకు మూడింతలు పైన ఉంది, క్యాన్సర్ లెక్కలో మాత్రం హద్దుకు కాస్త కిందే ఉంది. ఊళ్లో అందరూ క్యాన్సర్ గురించి మాట్లాడుతుంటే కిడ్నీ పరీక్ష ఎవరూ చేయించుకోకపోవడం నాకు ఎప్పుడూ అర్థం కాని విషయం. పీహెచ్‌సీలో క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష), మూత్రంలో ప్రోటీన్ పరీక్షలు అడగండి.

రేడియం విషయం వేరు. లీటరుకు ఒక బెకరెల్ రేడియం-226 ఉంటే ఏడాదికి 0.2 మిల్లీసీవర్ట్, అదే రేడియం-228 అయితే 0.5. పొలోనియం-210 అయితే 0.9 దాకా పోతుంది. క్యాన్సర్ కోణంలో భయపడాల్సింది వీటికి. యురేనియం తక్కువ ఉన్నంత మాత్రాన రేడియం కూడా తక్కువే ఉంటుందని అనుకోవద్దు. రెండింటి రసాయన స్వభావం వేరు, ఒకటి కరిగే నీళ్లలో ఇంకొకటి కరగకపోవచ్చు.

3. రోగుల జాబితా

ఇది మనసు కష్టపెట్టే పని. క్యాన్సర్ అని బయటికి చెప్పని ఇళ్లు ఎన్నో ఉంటాయి. పెళ్లికి ఎదిగిన ఆడపిల్ల ఉన్న ఇంట్లో అసలే చెప్పరు. కాబట్టి వెళ్లేది ఊరి మనిషై ఉండాలి, ఆశా కార్యకర్తో, ఏఎన్ఎమ్మో అయితే మరీ మంచిది. ఎందుకు అడుగుతున్నారో చెప్పి, ఒప్పుకుంటేనే రాసుకోండి. ఎవరి పేరూ వాట్సాప్ గ్రూపుల్లోకి పోకూడదు.

"క్యాన్సర్" అన్న ఒక్క మాట చాలదు. ఏ అవయవంలో మొదలైంది, ఎప్పుడు తేలింది, అప్పుడు వయసెంత, బయాప్సీ (గడ్డ ముక్క తీసి చేసే పరీక్ష) రిపోర్టు ఉందా? ఈ కాగితాలు చాలా ఇళ్లలో బీరువా అడుగున ప్లాస్టిక్ కవర్లో భద్రంగానే ఉంటాయి. ఆరోగ్యశ్రీ కింద వైద్యం చేయించుకున్నవాళ్ల దగ్గర డిశ్చార్జి కాగితం తప్పకుండా దొరుకుతుంది. కాలేయంలో గడ్డ అన్నది నిజానికి పెద్దపేగు నుంచి పాకినదై ఉండొచ్చు. అది కాలేయ క్యాన్సర్ కింద రాస్తే తప్పు. పాతరోజుల్లో "రాచపుండుతో పోయాడు" అన్న తాతగారి సంగతి కాగితం లేకుండా లెక్కలోకి రాదు. దాన్ని విడిగా రాసుకోండి.

ఎవరిని చేర్చాలి అన్నది ముందే నిర్ణయించి రాసిపెట్టుకోండి. ఉదాహరణకు: 2010 నుంచి ఇప్పటివరకు, రోగం తేలినప్పుడు కనీసం పదేళ్లుగా ఈ ఊళ్లో ఉన్నవాళ్లు. తర్వాత ఆ హద్దును సాగదీయకూడదు. పక్క ఊరిలో ఒక కేసు దొరికిందని దాన్ని కలుపుకుని, ఒక ఏడాది వెనక్కి వెళ్తే ఇంకో రెండు దొరుకుతాయని వెనక్కి జరిగితే, ఏ ఊళ్లోనైనా "గుంపు" తయారవుతుంది. బాణం వేశాక దాని చుట్టూ వలయం గీసుకున్నట్టు ఉంటుంది ఆ లెక్క.

మన ఊళ్లలో ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. కోడళ్లు వేరే ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు, ఇరవై ఏళ్లు పుట్టింటి నీళ్లు తాగి పెరిగారు. ఈ ఊరి నీళ్లు తాగి పెరిగిన ఆడపిల్లలు ఎక్కడెక్కడో కాపురాలు చేస్తున్నారు. వాళ్లకు జబ్బు వస్తే మీ జాబితాలోకి రాదు. కువైట్ వెళ్లినవాళ్లు, హైదరాబాద్‌లో స్థిరపడ్డవాళ్ల సంగతీ అంతే. అందుకే ఆడవాళ్లకు ఏ ఊళ్లో ఎన్నేళ్లున్నారో వేరువేరు గళ్లు పెట్టండి, ఊరు విడిచినవాళ్లను ఫోన్‌లోనైనా అడగండి.

జాబితా తయారయ్యాక దాని తీరు చూడండి. రేడియం కాల్షియం లాగా ఎముకల్లోకి చేరుతుంది. 1920లలో అమెరికాలో గడియారాలకు రేడియం రంగు వేసే అమ్మాయిలు కుంచెను పెదాలతో కొనదేర్చి ఎముక క్యాన్సర్ల పాలయ్యారు. వాళ్లు మింగినది తాగునీటిలో ఉండే మోతాదు కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. రేడాన్ పీల్చితే ఊపిరితిత్తులు. రేడియేషన్ తగిలాక ల్యుకేమియా (రక్త క్యాన్సర్) కొన్నేళ్లలోనే కనిపించొచ్చు, గడ్డ క్యాన్సర్లకు పదేళ్లు, అంతకంటే ఎక్కువ పడుతుంది. హిరోషిమా, నాగసాకి నుంచి తెలిసింది అదే. కాబట్టి గని మొదలైన మూడేళ్లకే వచ్చిన రొమ్ము క్యాన్సర్‌ను దానికి అంటగట్టలేం. మీ జాబితాలో నోరు, గర్భాశయ ముఖద్వారం, రొమ్ము, పేగు అన్నీ తలా ఒకటి ఉంటే ఒకే కారణం ఉండే అవకాశం తక్కువ. ఒకే రకం క్యాన్సర్ మళ్లీమళ్లీ వస్తుంటే, అందులోనూ పిల్లల్లో అయితే, వెంటనే జిల్లా వైద్యాధికారి దృష్టికి తీసుకెళ్లండి.

4. మామూలుగా ఎన్ని రావాలి?

2022లో దేశం మొత్తం మీద సుమారు 14.6 లక్షల కొత్త క్యాన్సర్ కేసులు ఉంటాయని ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) క్యాన్సర్ కేసులను నమోదు చేసే రిజిస్ట్రీ విభాగం అంచనా వేసింది. అంటే ఏడాదికి లక్షమందికి వంద. మూడు వేల జనాభా ఉన్న ఊరికి ఏడాదికి ముగ్గురు, పదేళ్లలో ముప్పైమంది. ఈ అంకె వినగానే చాలామంది ఆశ్చర్యపోతారు. జబ్బు అంత మామూలైందని ఎవరూ లెక్కేసి చూడరు. ముసలివాళ్లు ఎక్కువున్న ఊళ్లో ఇంకా ఎక్కువ వస్తుంది, అందుకే వయసు గుంపులవారీగా లెక్క కట్టాలి. అది కమ్యూనిటీ మెడిసిన్ (ప్రజారోగ్య) డాక్టర్ చేసే పని.

ఇప్పుడు ముగ్గురు రావాల్సిన ఏడాదిలో ఆరుగురు వచ్చారనుకోండి. రెట్టింపు! కానీ ఇలాంటి ఊళ్లు వెయ్యి తీసుకుంటే, కేవలం యాదృచ్ఛికంగానే 80కి పైగా ఊళ్లలో ఏటా ఆరుగురో, అంతకంటే ఎక్కువో తేలతారు. అదే పదిమంది వస్తే, వెయ్యి ఊళ్లలో ఒక ఊరికే అలా జరగాలి. అప్పుడు గట్టిగా పట్టుకోవచ్చు.

రెండోవైపు కూడా చూడాలి. పైన వేసిన 100 మైక్రోగ్రాముల లెక్కలో నలభై ఏళ్లు తాగితే వచ్చే మొత్తం 3.6 మిల్లీసీవర్ట్. రేడియేషన్ రక్షణ వాళ్లు వాడే లెక్క ప్రకారం ఒక సీవర్ట్‌కు సుమారు 5 శాతం అదనపు క్యాన్సర్ ముప్పు. అంటే అయిదున్నర వేలమందిలో ఒకరికి. మూడు వేల జనాభా ఉన్న ఊళ్లో ఒక తరం మొత్తానికి అర కేసు. అదే ఊళ్లో మరే కారణాల వల్లనైనా జీవితకాలంలో మూడు వందలమందికి పైగా క్యాన్సర్ పాలవుతారు, దేశంలో తొమ్మిదిమందిలో ఒకరికి వస్తుందన్న అంచనా ప్రకారం. ఆ మూడు వందల్లో ఆ అర కేసును తలలు లెక్కపెట్టి ఎవరూ పట్టలేరు. లేదని కాదు, ఒక్క ఊళ్లో కనిపించదు.

ఫిన్లాండ్‌లో బోరు నీళ్లలో యురేనియం, రేడాన్ మనకంటే బాగా ఎక్కువుండే ప్రాంతాలున్నాయి. అక్కడ పక్కా క్యాన్సర్ రిజిస్ట్రీ ఉంది, ఎవరు ఏ బావి తాగారో తెలుసు. అయినా ల్యుకేమియా, కడుపు, మూత్రాశయం, కిడ్నీ క్యాన్సర్ల మీద 2000లలో జరిపిన అధ్యయనాల్లో స్పష్టమైన సంబంధం కనిపించలేదు. అమెరికాలో ఇరవై ఏళ్లలో జరిగిన 428 క్యాన్సర్ గుంపుల విచారణలను 2012లో ఒకచోట చేర్చి చూస్తే, పరిశీలించిన 567 క్యాన్సర్ రకాల్లో నిజంగా పెరుగుదల ఉన్నవి 72. కారణం తేటతెల్లంగా తేలింది ఒక్కచోటే. ఈ అంకెలు చెప్పి మిమ్మల్ని నిరుత్సాహపరచాలని కాదు. రెండు పేజీలు వేరుగా పెట్టుకోమన్నది ఇందుకే.

5. నీళ్ల చరిత్ర, మిగతా కారణాలు

ఈరోజు బోరులో ఉన్న అంకె కాదు, పదిహేనేళ్ల కిందట తాగిన నీరు ముఖ్యం. చేదబావి ఎప్పుడు ఎండింది, బోరు ఎప్పుడు వేశారు, దాన్ని ఎప్పుడు ఇంకా లోతుకు దించారు, ఆర్‌వో ప్లాంటు ఏ సంవత్సరం వచ్చింది, అంతకు ముందు ట్యాంకరా? వంటకు ఏ నీళ్లు, తాగడానికి ఏ నీళ్లు? డబ్బా నీళ్లు తాగుతూ బోరు నీళ్లతో అన్నం వండుకునే ఇళ్లు చాలానే ఉన్నాయి.

అడిగే తీరు ముఖ్యం. "ఆ నీళ్లు తాగే కదక్కా అన్నకు ఇట్లయింది?" అని అడిగితే ఎవరైనా అవుననే అంటారు. "పెద్దమ్మా, నువ్వు పెండ్లయి వచ్చినప్పుడు నీళ్లు యాడనుంచి తెచ్చుకుంటాంటిరి?" అని అడిగి, ఆమె చెప్పింది చెప్పినట్టు రాసుకోండి. బిందె ఎత్తుకుని ఏ బావికి నడిచిందో ఆడవాళ్లకే బాగా గుర్తుంటుంది, మగవాళ్లను అడిగితే లాభం లేదు.

బీడీ, చుట్ట, గుట్కా, సారా, పురుగుమందు కొట్టే పని, ఇంట్లో ఎవరికైనా ముందు ఉందా, అన్నీ రాయండి. శ్రీకాకుళం, విశాఖ తీరంలో ఆడవాళ్లు చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని తాగే అడ్డపొగ వల్ల అంగిలి క్యాన్సర్ వస్తుందని డాక్టర్లు ఎప్పుడో చూపించారు. అలాంటి ఊళ్లో నోటి క్యాన్సర్లను నీళ్ల ఖాతాలో వేస్తే పరువు పోతుంది. టామ్స్ రివర్‌లోనూ రేడియం కనిపించింది, కానీ చివరికి ఆడపిల్లల ల్యుకేమియాకు సంబంధం కనిపించింది పారిశ్రామిక రసాయనాలు కలిసిన బావుల నీళ్లతో. ఒకటి వెతుకుతుంటే ఇంకొకటి దొరుకుతుంది. మొదట్లో ఆర్సెనిక్, నైట్రేట్ కూడా చేయించమన్నది అందుకే.

6. పోల్చి చూడటం

ఇక్కడికి వచ్చేసరికి డాక్టర్ సాయం కావాలి. దగ్గర్లో ఉన్న మెడికల్ కాలేజీ కమ్యూనిటీ మెడిసిన్ విభాగానికి వెళ్లండి. పీజీ విద్యార్థులకు థీసిస్ అంశాలు కావాలి, మీ దగ్గర సమాచారం సిద్ధంగా ఉంది. ప్రతి రోగికి అదే వయసు, అదే లింగం ఉన్న జబ్బులేని నలుగురిని చీటీ తీసి ఎంచి, అందరినీ అవే ప్రశ్నలు అడుగుతారు. అడిగే మనిషికి ఎవరి బోరులో అంకె ఎంతో తెలియకూడదు. ఎక్కువ అంకె ఉన్న నీళ్లు ఎక్కువకాలం తాగినవాళ్లలో జబ్బు మెట్టు మెట్టుగా పెరుగుతూ కనిపిస్తే అది గట్టి ఆధారం. ఊరు మొత్తాన్ని పక్క ఊరితో పోల్చి వదిలేస్తే అది బలహీనమైన ఆధారం. వెంట్రుకలు, గోళ్లలో యురేనియం పరీక్షలకు డబ్బు తగలేయకండి, జబ్బుకు కారణం వాటితో తేలదు.

7. ఎక్కడి నుంచి వచ్చింది?

నేలలోంచి సహజంగా వచ్చిందా, గని వల్లా? కడపలో గొడవంతా దీని మీదే. తుమ్మలపల్లె మిల్లు ఖనిజాన్ని క్షార పద్ధతిలో, సోడియం కార్బొనేట్ వాడి శుద్ధి చేస్తుంది. మిగిలిన వ్యర్థం టెయిలింగ్ పాండ్‌కు, అంటే వ్యర్థాలు నిల్వచేసే చెరువుకు పోతుంది. దాని కింద ఉన్న ఊళ్ల రైతులు బోర్లు పాడయ్యాయని, తోటలు దెబ్బతిన్నాయని ఏళ్లుగా అంటున్నారు. గని నడిపే సంస్థ ఒప్పుకోదు. అటు నల్లగొండ పెద్దగట్టు వైపు గని తవ్వకుండానే కొన్ని బోర్లలో యురేనియం ఎక్కువుందని పరిశోధకులు చూశారు. గ్రానైట్ రాళ్లలో అది ఉంటుంది, నీళ్లలో బైకార్బొనేట్ ఎక్కువైతే కరిగి వస్తుంది, ఎరువుల నైట్రేట్ కూడా దానికి తోడవుతుంది.

తేడా పట్టాలంటే మొదట చేయించిన సోడియం, సల్ఫేట్, బైకార్బొనేట్ అంకెలు ఉపయోగపడతాయి. పాండ్‌కు దగ్గరి బోర్లలో యురేనియంతో పాటు ఇవి కూడా ఎక్కువగా ఉండి, నీరు పారే వాలులో దూరం పెరిగేకొద్దీ అన్నీ కలిసి తగ్గుతుంటే, వాలుకు పై వైపు బోర్లలో తక్కువుంటే, అనుమానం పాండ్ మీదికి పోతుంది. యురేనియం ఒక్కటే ఎక్కడపడితే అక్కడ ఎక్కువ తక్కువలుగా ఉంటే రాయి వల్ల కావొచ్చు. గని రాకముందు నాటి అంకెలు ఉంటే అంతకంటే మంచి సాక్ష్యం లేదు. పర్యావరణ ప్రభావ అంచనా నివేదికలో అవి ఉండాలి.

కాలుష్య నియంత్రణ మండలి దగ్గర, గనుల సంస్థ దగ్గర పర్యవేక్షణ నివేదికలు అడగడానికి సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. కేంద్ర సంస్థలకు పది రూపాయల ఫీజు, 30 రోజుల్లో జవాబు. "యురేనియం సమాచారం ఇవ్వండి" అని అడిగితే అణుశక్తి చట్టం చూపించి తిప్పి పంపొచ్చు. "ఫలానా ఊరి తాగునీటి బోర్ల పరీక్ష ఫలితాలు, తేదీలతో సహా" అని అడగండి. జవాబు రాకపోతే మొదటి అప్పీలు వదలొద్దు.

8. ఈలోపు నీళ్లు

యురేనియం 30 దాటిన బోర్ల జాబితా, ల్యాబ్ రిపోర్టు జతచేసి కలెక్టర్‌కు, జిల్లా వైద్యాధికారికి, గ్రామీణ నీటి సరఫరా ఇంజినీరుకు ఒకే రోజు ఇచ్చి, రసీదు తీసుకోండి. ఆ అర్జీలో క్యాన్సర్ మాట రాయకండి. "ఈ బోర్లు తాగునీటి ప్రమాణానికి లోబడి లేవు, వేరే నీరు ఇవ్వండి" అని మాత్రమే రాయండి. క్యాన్సర్ మాట రాస్తే ఫైలు వైద్యశాఖకు పోయి అక్కడే కూర్చుంటుంది. అది రెండో పేజీ, దాన్ని మెడికల్ కాలేజీతో విడిగా నడపండి.

మరిగిస్తే యురేనియం పోదు, నీరు ఇగిరి ఇంకా చిక్కబడుతుంది. గుడ్డతో వడగట్టినా, క్లోరిన్ వేసినా పోదు. ఆర్‌వో యురేనియాన్ని, రేడియాన్ని బాగా తీసేస్తుంది, మెంబ్రేన్ (లోపలి వడపోత పొర) పాతబడితే మాత్రం సరిగా తీయదు. అందుకే ఊరి ప్లాంటులో ఏడాదికోసారైనా లోపలికి వచ్చే నీరు, బయటికి వచ్చే నీరు రెండూ పరీక్ష చేయించండి. రేడాన్ ఉంటే నీటిని గాలిలో చిమ్మి, రోజు నిల్వ ఉంచి వాడితే చాలావరకు పోతుంది. ఇక ఆర్‌వో నుంచి వదిలేసే నీళ్లలో యురేనియం చిక్కగా ఉంటుంది. ఆ పైపు తీసుకెళ్లి పశువుల తొట్టిలో పెట్టకండి, కూరగాయల మడికి మళ్లించకండి.